రెండో కాపీ

తెల్లవారుజామున ఉప్పాడ మీద చినుకు పడలేదు గానీ ఆకాశం ఒకటే ఉరిమింది. కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మూడోసారి వచ్చాక చేనేత సంఘంలో కంప్యూటరు మళ్లీ లేవలేదు.

గుమాస్తా దుర్గాసాయి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. లోవలక్ష్మి మామ్మ చెప్పిన, చీరల మీద నేసే పాత బుటాలు నూట పన్నెండు అందులోనే ఉన్నాయి. కాగితం మీద ఎక్కడా లేవు. ఊళ్లో ఆవిడకి తప్ప ఎవరికీ రావు. ఆవిడ కళ్లు మూసుకుని పోగు తర్వాత పోగు చెబుతుంటే ఆర్నెల్లపాటు అతనే ఎక్కించాడు. సోమవారం నుంచి వాటిని మగ్గాల మీద నేయాలి.

సంఘానికి సర్వరెందుకు, చిన్న డేటాబేస్ చాలన్నది కూడా అతనే. అంతా ఒకే ఫైలు, ఒకే మిషను. అది పడిపోతే దాని పని అందుకునే రెండోది ఉండదు. అందుకని రోజూ ఒక కాపీ సామర్లకోటలో తమ్ముడి కంప్యూటరుకి పంపేవాడు.

తమ్ముడికి ఫోన్ చేశాడు.

"తెరుచుకోవట్లేదన్నయ్యా. ఫైలు పాడైందంటోంది. ఒకపక్క ఎక్కిస్తూనే కాపీ తీశావా ఏంటి?"

"అంతకుముందువి లేవా?"

"ఎక్కడివి? నిన్నటిదాని మీదే ఇవాళ్టిది పంపుతావు కదా!"

ప్రోగ్రాం మూసి కాపీ తీయాలని అతనికి తెలుసు. మూస్తే మామ్మ మాట తెగిపోతుందని, ఆవిడ చెబుతుండగానే తీసేవాడు. ఒక్కనాడూ తెరిచి చూసుకోలేదు.

మధ్యాహ్నం దాకా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. తర్వాత మామ్మ ఇంటికి వెళ్లాడు. రోజూ చెప్పడం ముగించి లేచేముందు ఆవిడ ఒకటే అడిగేది, ఇవి ఇంకెక్కడైనా ఉన్నాయా అని. సామర్లకోటలో ఉన్నాయండి, భయం లేదండి అనేవాడు.

"గుమ్మంలో నిలబడ్డావేంటి సాయీ? అన్నం వేళకే వచ్చావు, కూర్చో."

"బుటాలు పోయాయండి మామ్మగారూ. అన్నీ."

"సామర్లకోటలోవో?"

"అవీ పోయాయండి. తప్పు నాదే."

గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఒక్కటీ మిగల్లేదూ?"

"లేదండి."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. దుర్గాసాయి తల ఇంకా కిందికి దిగింది.

"మీరే మళ్లీ చెప్పాలండి. హంస బుటా దగ్గర్నుంచి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లెందుకురా, ముందు కంచం పట్టుకో."

అతనికి అన్నం, పప్పు వడ్డించింది. తనూ పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్లి దించేసింది.

"నీకు చెప్పినవన్నీ అప్పటికప్పుడు నోటికొచ్చినవేరా, అసలైనవి మా ఆయన చనిపోయిన ఏడాదే మర్చిపోయాను, నలుగురిలో ఒప్పుకోలేకపోయాను" అని కంచంలోకి చూస్తూనే అంది, ఆ తర్వాత ఇద్దరూ తలెత్తకుండా అన్నం తిన్నారు.