దాత షరతు

"డెత్ సర్టిఫికెట్ పెట్టలేదేంటమ్మా?" అన్నాడు ఉమాపతి, దరఖాస్తు తిరగేసి చూసి.

"మా నాన్న బతికే ఉన్నారు సార్," అంది కెజియా.

టెక్కలిలోని ఆ యూనివర్సిటీ కాలేజీలో ఉమాపతి సీనియర్ గుమాస్తా. దాతలిచ్చే స్కాలర్‌షిప్పులన్నీ అతని బల్ల మీదుగానే వెళ్తాయి. అతను కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఈ దాతగారిది ఒకటే షరతమ్మా. కిడ్నీ జబ్బుతో తండ్రి పోయిన పిల్లలకే ఇవ్వాలి. ఆయన తండ్రీ అలాగే పోయాడట. ఎమ్మెస్సీ రెండేళ్లూ ఫీజు, హాస్టలు ఆయనే కడతాడు."

"నాన్నకీ అదే జబ్బు సార్. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటన్నారు. కొబ్బరిచెట్టు ఎక్కి మూడేళ్లయింది. అమ్మ జీడిపిక్కలు కొడితేనే మాకు తిండి."

"షరతు నేను రాయలేదమ్మా. మిగతా స్కాలర్‌షిప్పులన్నీ ఇచ్చేశారు. దీనికి శుక్రవారం ఆఖరు."

వరండాలో కిటికీ పక్క బెంచీ మీద అంద్రెయ కూర్చుని ఉన్నాడు. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన ఎడమచేతిని తువ్వాలుతో కప్పుకున్నాడు. లోపలి మాటలన్నీ అతనికి వినబడ్డాయి.

కూతురు బయటికి రాగానే లేచాడు. "ఏటన్నారమ్మా?"

"ఏదో కాగితం తక్కువైందంట నాన్నా. పోనీలే. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనుందంట. సేరిపోతాను."

"ఆ కాగితమేదో నాను సూత్తాను. నువ్వు ఊరుకో."

మర్నాడు డయాలసిస్ అయ్యాక పూండి వెళ్లి పోలారావును కలిశాడు. పంచాయతీ ఆఫీసులో కావలసిన కాగితం పుట్టించి పెట్టే మనిషి అతను.

"సావు కాగితమా? ఎవులు పోనారు బావా?" అన్నాడు పోలారావు.

"నానే."

పోలారావు నవ్వబోయి, అంద్రెయ మొహం చూసి ఆగిపోయాడు.

"గుంట సదువు ఆగిపోతంది," అన్నాడు అంద్రెయ. "నాను ఎలాగూ ఈయేడో పైయేడో పోయేవోడినే. కూసింత ముందుగా రాయించెయ్."

గురువారానికి కాగితం వచ్చింది. పోలారావు డబ్బు తీసుకోలేదు. "దొంగ కాగితం కాదు బావా, సావుల పుస్తకంలో ఎక్కించిన అసలుదే," అన్నాడు ఎటో చూస్తూ.

శుక్రవారం అంద్రెయ పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని ఒక్కడే టెక్కలి వెళ్లాడు. "కెజియా బాబాయినండి," అని కాగితం బల్ల మీద పెట్టాడు.

ఉమాపతి చదివి, తేదీ మరోసారి చూశాడు. "సోమవారం వచ్చినప్పుడు బతికే ఉన్నారంది."

"అప్పటికి ఉన్నాడండి. మంగళారం పోనాడు."

"చాలా బాధపడ్డారా?"

"లేదండి. తెలిసే పోనాడు."

ఉమాపతి ముద్ర వేశాడు. "రూలు కాబట్టి చెప్తున్నాను, అనుమానించి కాదు. ఇది తప్పుడు కాగితమని తేలితే అమ్మాయిని కాలేజీలోంచి పంపేస్తారు. కేసు కూడా పెడతారు."

"తేలదండి. మరో మాట బాబూ. గుంట దగ్గర తండ్రి ఊసెత్తకండి. ఏడుత్తాది."

ఉమాపతి తల ఊపాడు. వద్దంటున్నా టీ తెప్పించి ఇచ్చాడు. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు కొలత పెట్టిన మనిషి అంద్రెయ. అయినా ఆ టీ మొత్తం తాగాడు.

ఇంటికొచ్చి, "దాతగారు మెత్తబడ్డారంట. నాను బతికున్నా పర్లేదన్నారంట," అని చెప్పాడు. కెజియా నమ్మలేనట్టు చూసి, తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆదివారం చర్చిలో ఆరాధనప్పుడు అతని భార్య మగ్దలీన లేచి నిలబడి, ఆ దాతను దేవుడు చల్లగా చూడాలని సాక్ష్యం చెప్పింది. అంద్రెయ తలవంచుకుని ఆమెన్ అన్నాడు.

మంగళవారం మామూలుగానే పలాస డయాలసిస్ సెంటరుకు వెళ్లాడు. టెక్కలి ప్రయాణంతో శుక్రవారం డయాలసిస్ తప్పింది, ఒంట్లో నీరు చేరి కాళ్లు ఉబ్బి ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కౌంటర్లో కొత్తగా వచ్చిన నర్సు అతని ఉచిత వైద్యం కార్డు నంబరు కొట్టింది. తెర వంక చూసింది, అతని వంక చూసింది.

"అంద్రెయ అనే ఆయన చనిపోయినట్టు పంచాయతీ డెత్ సర్టిఫికెట్టు చూపిస్తోందండి. కార్డు ఆగిపోయింది."

అంద్రెయ కౌంటరు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఇది అతను అనుకోలేదు.

"కంగారు పడకండి. ఇలాంటి తప్పులు వస్తూనే ఉంటాయి," అంది ఆమె. వేలిముద్రల మిషను అతని ముందుకు జరిపింది. "బతికే ఉన్నట్టు ఇక్కడ వేలు పెట్టండి. ఆ డెత్ సర్టిఫికెట్టు రద్దు చేయించేస్తాను. ఈలోగా మీరు లోపలికెళ్లి పడుకోండి, మంచం ఖాళీగానే ఉంది."

తెరిచిన తలుపులోంచి మంచం కనిపిస్తోంది. తెల్లదుప్పటి అప్పుడే మార్చినట్టున్నారు.

"మీరే కదండీ అంద్రెయ?"

అంద్రెయ చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాలులో చుట్టుకున్నాడు.

"కాదు తల్లీ. ఆడు మా అన్న. పోనాడు, ఆ మంచం ఇంకెవులికైనా ఇచ్చీమని సెప్పడానికే వచ్చేను."