సోదాకు ఒక కారణం

"ఎవరి బండి పక్కన వాళ్ళు నిలబడండి. తాళాలు చేతిలో ఉండాలి" అని మైకులో వినపడగానే స్టోరుకీపరు వెళ్ళి తన కారు వెనక తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

శిబిరం గేట్లు అప్పటికే మూసేశారు. ఆయుధాల గదిలో ఒక పిస్టలు లెక్కకు రావడం లేదట. పొద్దున్నే కమాండరు స్వయంగా, తన దగ్గరుండే రెండో తాళంతో గది తెరిచి తనిఖీ చేస్తే సంగతి బయటపడిందట. మొదటి తాళం స్టోరుకీపరుది. సర్వీసు మొత్తంలో ఎన్నడూ ఆలస్యంగా రాని ఆ మనిషి ఇవాళే ఆలస్యంగా వచ్చాడు. ఇంకేం, కవాతు మైదానంలో ఉన్న కళ్ళన్నీ అతని మీదే పడ్డాయి. ఒక్క తూటా కూడా అటూ ఇటూ పోనివ్వడని ఇన్నాళ్ళూ సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో నీళ్ళపాలైంది.

అతని ప్రాణం మాత్రం పేరు మీద లేదు, తన కారు వెనక సీటు మీద ఉంది.

పక్క కారు వంటమాస్టరుది. నోటికి విశ్రాంతి తెలియని మనిషి కనుక శిబిరమంతా అతన్ని రేడియో అంటారు. ఇవాళా ఆ రేడియో మోగుతూనే ఉంది.

"మన సొంత కార్లు వెతకడానికి వీళ్ళకేం హక్కన్నా? నా డిక్కీలో ఉన్నది మాసిన బట్టల మూట. అది విప్పితే వెతికేవాళ్ళకే శిక్ష."

అవతల నిలబడ్డ ఆఫీసు గుమాస్తాకు ఇలాంటి ప్రశ్నలంటే మహా ఇష్టం. శిబిరం లోపల ఉన్నంతసేపూ సొంత బండి అయినా సోదా చేయించే అధికారం కమాండరుకు ఉంటుందని, అయితే దానికి సరైన కారణం ఉండాలని గొంతు తగ్గించి విడమరిచాడు.

"కారణం లేకపోతే ఆయన కూడా నీ డిక్కీ ముట్టుకోకూడదు. ఇప్పుడు పిస్టలు పోయిందిగా, ఇంకెవరు అడ్డు చెప్తారు?"

తెరవనంటే ఏమవుతుందని స్టోరుకీపరు అడిగాడు. అన్నవాడినే ముందు లోపలేస్తారని గుమాస్తా చెప్పాడు. అడగకుండా ఉంటే బాగుండేదని స్టోరుకీపరు నాలుక కరుచుకున్నాడు.

సోదా దగ్గరికొస్తోంది. కుర్ర ఆఫీసరు ఒక్కో కారూ తెరుస్తుంటే కమాండరు వెనకే నడుస్తున్నారు. ఎప్పుడూ కుడిచేతిలో ఉండే బెత్తం ఇవాళ ఎడమచేతిలో ఉంది. కుడిచేతి వేళ్ళ కణుపులకు కట్టు కట్టి ఉంది, స్నానాల గదిలో జారిపడ్డారట. స్టోరుకీపరు ఆ కట్టు వంక చూసి వెంటనే చూపు నేలకు దించుకున్నాడు.

"డాష్‌బోర్డు అరలు వదిలేసి సీట్లు దులుపుతారేంటన్నా? పిస్టలు పట్టేది అందులోనే కదా" అని రేడియో గొణిగాడు.

స్టోరుకీపరు తన కారు దాకా ఇంకా ఎన్ని బండ్లున్నాయో లెక్కపెడుతున్నాడు. దొరికితే ఉద్యోగం పోతుంది, జైలు ఖాయం. ఇద్దరు కొడుకులు ఇంకా బడి దాటలేదు. అయినా దొరికిపోతే అది తన ఒక్కడితో పోయే వ్యవహారం కాదు. అదే అతన్ని ఎక్కువ భయపెడుతోంది.

కుర్ర ఆఫీసరు అతని కారు తలుపు తీసి, వెనక సీటు మీద చెయ్యి ఆనించి ఆగాడు.

"ఇదేంటి, తడిగా ఉంది?"

"మా చిన్నవాడు వాంతి చేసుకున్నాడు సార్. పొద్దున్నే కడిగాను."

రేడియో గిర్రున ఇటు తిరిగాడు. స్టోరుకీపరు భార్య, పిల్లలు పోయిన వారమే పుట్టింటికి వెళ్ళారు. వాళ్ళ పెట్టెలు మోసి బస్సెక్కించింది ఆ రేడియోనే. వంటమాస్టరు ఒక్క క్షణం స్టోరుకీపరు మొహంలోకి చూశాడు.

"తప్పు నాదే సార్. నిన్న మిగిలిన కూర నేనే పెట్టాను. పిల్లాడికి పడలేదు."

కుర్ర ఆఫీసరు నవ్వి, ఆ కూర తనకూ పడలేదని చెప్పి డిక్కీ వైపు వెళ్ళాడు. కమాండరు నవ్వలేదు. సీటు మీదికి వంగారు. కుట్టు సందులో, గుడ్డ అందనిచోట, ముదురు ఎరుపు చుక్క ఒకటి మిగిలిపోయింది. దాన్ని ఎడమచేతి బొటనవేలితో రుద్ది, వేలిని కాసేపు పరీక్షగా చూసుకుని, రుమాలుతో తుడుచుకున్నారు.

"తర్వాతి బండి" అన్నారు.

పిస్టలు ఎవరి కారులోనూ దొరకలేదు. గేట్లు తెరిచారు, జనం చెదిరిపోయారు. రేడియో మాత్రం కదల్లేదు. ఆ ఎర్రచుక్క అతని కంటా పడింది.

"ఎవరి రక్తం అన్నా అది?"

"నీకు తెలియకపోవడమే మంచిది."

వంటమాస్టరు వెనక్కి జరిగాడు. ఇన్నేళ్ళ స్నేహంలో మొదటిసారి తనను చూసి అతను భయపడ్డాడని స్టోరుకీపరుకు అర్థమైంది. చెప్పేస్తే ఆ భయం పోయేదే. కానీ తెలిసినవాళ్ళు ఎంత తక్కువైతే అంత క్షేమం. పిలవబోయి ఊరుకున్నాడు.

ఆయుధాల గదికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఇంతలో తలుపు తెరుచుకుంది. కమాండరు ఒక్కరే లోపలికి వచ్చి గడియ పెట్టారు. స్టోరుకీపరు తడబడుతూ లేచి సెల్యూట్ కొట్టాడు.

కమాండరు తన జేబులోంచి పిస్టలు తీసి బల్ల మీద పెట్టారు. దాని మీది నంబరు స్టోరుకీపరుకు కంఠతా వచ్చు. పొద్దుటినుంచీ శిబిరమంతా వెతుకుతున్నది దాన్నే. ఆయన కట్టు కట్టిన చేత్తో కుర్చీ లాక్కుని, ఎదురుగా కూర్చుని, చాలా నెమ్మదిగా అడిగారు.

"నా భార్యను ఎక్కడ దించావు?"