ఆకు మీద చెయ్యి

బుల్లియ్య కాజా పట్టుకుని ఎదురుగా నిలబడితే, వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టిన మనిషి ఆ ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు.

ఆ రోజు పెళ్ళిలో ఒకాయన పెట్టాడు.

"వద్దండి," అన్నాడు చల్లగా.

బంతి బంతంతా తినడం ఆపి చూసింది.

బుల్లియ్య అమ్మేది చేపలే. కానీ పాలకొల్లు చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా స్వీటు పళ్ళెం ఆయన చేతికే ఇస్తారు. బతిమాలతాడు, ఒట్లు పెడతాడు, లేవబోయినవాడి భుజం నొక్కి కూర్చోబెట్టి మరీ వడ్డిస్తాడు. తినకపోతే పెళ్ళికూతురు తాళి కట్టించుకోనంటోందని అబద్ధాలు కూడా ఆడతాడు.

"ఒక్కటేనండి! నా మీద ఒట్టు!"

"మీరు నూరేళ్ళు చల్లగా ఉండాలండి. నాకు మాత్రం వద్దు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి చూస్తే తన పెళ్ళాం లోవలక్ష్మే.

అటు వంగి ఆమెకి వెయ్యబోయాడు. ఆమె కూడా ఆకు మీద చెయ్యి పెట్టేసింది.

"నువ్వు కూడానా!"

"డాక్టరు గారేం చెప్పారు మావా? షుగరు గుమ్మం దాకా వచ్చింది, ఇప్పుడు నోరు కట్టుకుంటే లోపలికి రాదన్నారా లేదా?"

"నేను చెబితే ఒక్కటీ వినవు. ఆయనెవరో చెయ్యి పెడితే నువ్వూ పెట్టేస్తావా?"

"నువ్వు చెప్పేదల్లా ఇంకోటి తినమనే కదా!"

బంతంతా ఘొల్లుమంది.

ఆ కొత్తాయన పేరు లోకనాథ్. పక్కవీధి సత్యవాణి గారింట్లో వెనక గదిలో అద్దెకి దిగాడు. ముసలాయన, ఎండుకట్టెలా ఉంటాడు. మండువేసవిలో కూడా మేజోళ్ళు విప్పడు. పొద్దున్నే కర్ర పట్టుకుని కాలవ గట్టు మీద నడుస్తాడు.

వారం తిరక్కుండానే ఆయన వెనకాల లోవలక్ష్మి కూడా నడక మొదలెట్టింది.

"లోకనాథ్ గారు ముందు కూర తినమన్నారు మావా. అన్నం తర్వాతంట, అదీ కొంచెమేనంట."

"లోకనాథ్ గారు తిన్నాక మంచమెక్కొద్దన్నారు."

ఆయన ఓ పాత ఇత్తడి గిన్నెలో పెసలు నానేసి, మొలకలొచ్చాక ఆ గిన్నెతోనే పంపిస్తాడు. ఈవిడ మహాప్రసాదంలా తింటుంది. ఇంట్లో బుల్లియ్య పేరుకన్నా ఆ పేరే ఎక్కువ వినబడుతోంది.

బుల్లియ్యకి కడుపులో మంట పట్టుకుంది. అరక్క కాదు.

లోవలక్ష్మి ఒళ్ళు తేలికపడింది. మొహంలో కళ వచ్చింది. అది చూస్తే మంట ఇంకాస్త పెరిగింది.

"ఆ మేజోళ్ళ దొర కోసమేనా ఈ సోకంతా?"

"నీ మొహం! ఆయాసం తగ్గింది మావా. నువ్వూ రా, నడుద్దాం."

"నేనా? ఆయన వెనకాలా?"

సత్యవాణి గారి మనవరాలి ఓణీల ఫంక్షన్ వచ్చింది. బుల్లియ్య మళ్ళీ పళ్ళెం ఎత్తాడు. లోకనాథ్ పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఇటు చూడకపోవడం కనిపెట్టి, చటుక్కున రెండు కాజాలు ఆయన ఆకులో పడేశాడు.

"ఇప్పుడు చెయ్యి పెట్టండి చూద్దాం! ఆకులో వదిలేస్తే ఇంటివాళ్ళకి అవమానమండి."

లోకనాథ్ చిన్నగా నవ్వాడు. "ఓడిపోయానండి. అయినా తినలేను."

"తినడమంటే ద్రాక్షారామం కాజాల దొరదండి!" బుల్లియ్య గొంతు పెంచాడు. "నా చిన్నప్పుడు అక్కడ గుడి తీర్థంలో కాజాలు తినే పందెం పెట్టారు. ఏనుగులాంటి మనిషి! లెక్కపెట్టేవాడు అలిసిపోయాడు గానీ ఆయన అలిసిపోలేదు. ఆఖరి కాజా ఆయన ఆకులో వేసింది ఈ చెయ్యేనండి! నా బుగ్గ గిల్లి, 'నీ చేతిలో ఏదో ఉందిరా' అన్నాడు. ఆ రోజు ఎత్తిన పళ్ళెం ఈ రోజుకీ దించలేదు."

లోకనాథ్ ఆ చేతికేసి చాలాసేపు చూశాడు.

"ఆయన ఇప్పుడెలా ఉన్నాడండి?"

"ఎలా ఉంటాడు? మహారాజులా ఉంటాడు. మీలాగ ఆకుకి చెయ్యి అడ్డం పెట్టుకుని బతకడు!"

అందరూ నవ్వారు. లోవలక్ష్మి తల దించుకుంది.

లోకనాథ్ ఆకు మడిచి, కర్ర మీద బరువేసి లేచి వెళ్ళిపోయాడు.

గెలిచానని బుల్లియ్య ఆ పూట మీసం దువ్వాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఆయన గట్టు మీద కనబడడం మానేశాడు. ఒంట్లో బాగోక కాకినాడ ఆసుపత్రిలో చేరాడన్నారు. బుల్లియ్య హుషారుగా కాజాల పొట్లం ఇంటికి తెచ్చాడు. లోవలక్ష్మి విప్పనైనా విప్పలేదు. ఒక్కత్తే నడకకి వెళ్ళింది.

ఓ సాయంత్రం సత్యవాణి గారు ఆ ఇత్తడి గిన్నె పట్టుకుని వచ్చింది.

"లోకనాథ్ గారు పోయారే లోవలక్ష్మీ. కుర్రతనంలోనే షుగరు పట్టుకుందంట. ఆ మేజోళ్ళు అందుకే, ఓ కాలికి వేళ్ళే లేవంట పాపం. ఈ గిన్నె నీకిమ్మన్నారు."

బుల్లియ్యకి అప్పటికీ ఉక్రోషం చావలేదు.

"గిన్నె కూడా దీనికేనా! నాకేమీ చెప్పలేదా?"

"చెప్పారు. 'బుల్లియ్య మీద నాకు కోపం లేదండి. ఆయన చేత్తో నేనొకసారి తిన్నాను, ఇక చాలు. వాళ్ళావిడికి మాత్రం వెయ్యొద్దనండి' అన్నారు."

"నా చేత్తోనా? ఒక్క ముక్కయినా వెయ్యనిచ్చాడా నన్ను!"

లోవలక్ష్మి గిన్నె చింతపండుతో తోమి నూతి గట్టు మీద బోర్లించింది.

అడుగున ఎప్పుడో కొట్టించిన అక్షరాలు మెల్లగా తేలాయి: 'ద్రాక్షారామం తీర్థంలో, కాజాల దొర గారికి బహుమతి.'