నిలువు గీత

ఒక్క మార్కు తేడాతో, గుడ్డలు కత్తిరించే కటింగ్ టేబుల్ పని చిన్నకోడలికి దక్కింది. పెద్దవాళ్ళ కోసం సాయంత్రాలు నడిచే బడిలో లెక్కల పరీక్ష రాసిన తోడికోడళ్ళిద్దరిలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళదే ఆ పని అని కుట్టుమిషన్ల షెడ్డు యజమానురాలు ముందే చెప్పింది.

షెడ్డంతా మెచ్చుకుంటూ ఉంటే చిన్నకోడలికి సూదిలో దారం ఎక్కడం లేదు. పక్క మిషను మీద పెద్దకోడలు తలెత్తకుండా కుడుతోంది. పెడలు తొక్కీ తొక్కీ ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. కటింగ్ టేబుల్ దగ్గర తొక్కే పనే ఉండదు.

అసలు బహుపదులు నేర్పిందే ఆమె. ఓ రోజు వంటింట్లో కూరగాయలు తరుగుతూ చెప్పింది. "బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారాలి. అత్తయ్యకు కోపమొస్తే ఇంట్లో అందరి మొహాలూ మారిపోవూ, అలాగన్నమాట."

అలా నవ్వుకుంటూ నేర్చుకుని కూడా పరీక్షలో చిన్నకోడలు తడబడింది. ఐదు ఎక్స్‌లోంచి, బ్రాకెట్‌లో ఉన్న రెండు ఎక్స్ ప్లస్ మూడును తీసెయ్యాలి. మూడు ఎక్స్ వచ్చింది. దాని పక్కన ప్లస్ మూడు అని రాసింది. ఎందుకో అనుమానం వచ్చి ఓరగా చూస్తే, పెద్దకోడలి కాగితం మీద మైనస్ మూడు కనబడింది. తన ప్లస్‌లోని నిలువు గీతను రబ్బరుతో చెరిపేసింది.

నిన్న మార్కులు తెలిసినప్పటి నుంచీ పెద్దకోడలు తన కళ్ళలోకి చూడటం లేదు. తెలిసిపోయిందేమో.

భోజనాల వేళ కుళాయి దగ్గర ఇద్దరే మిగిలారు.

"అక్కా, ఆ టేబుల్ నీది. తీసివేత లెక్కలో నేను ప్లస్ వేశాను. నీది చూసి మైనస్ చేసుకున్నాను. ఇప్పుడే వెళ్ళి అమ్మగారితో చెప్పేస్తాను."

పెద్దకోడలు కుళాయి కట్టేయడం మరిచిపోయింది.

"నా మార్కు పోయిందీ ఆ లెక్కలోనే" అంది మెల్లగా.

"అదెలా? నీది మైనసే. నా కళ్ళారా చూశాను."

పెద్దకోడలు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తల దించుకుంది.

"నిన్నటి నుంచీ నీ మొహం చూడలేక చస్తున్నానే. నేనూ అప్పుడే నీ కాగితంలోకి తొంగి చూశాను. నీ ప్లస్ చూసి, నాదే తప్పనుకుని, నా మైనస్ మీద నిలువు గీత గీసేశాను."