లావు అక్షరాలు, సన్న అక్షరాలు

ముందు గదిలో ప్రింటరు మళ్ళీ రంపంలా గరగరలాడింది. వంటింట్లో తల్లి చేతిలోని గరిటె జారి కింద పడింది.

"షాకు కొడుతుందే తల్లీ, కాస్త ఎడంగా కూర్చో! ఆ తెర చూసి చూసి కళ్ళు పోతాయి."

"ఏం కాదులే అమ్మా. ఇది నాన్న పరీక్షకి, అందులో వచ్చే అక్షరాలు ఇంకో డ్రైవరు చెప్పాడట" అంది కూతురు.

స్కూలు ఆఫీసులో పారేస్తుంటే తండ్రి మోసుకొచ్చిన పాత కంప్యూటరు అది. ఆయన ఆ స్కూలు బస్సు డ్రైవరు. పరీక్ష పెడతారట, అక్షరాలు చదివి చెప్పాలట, తప్పితే ఉద్యోగం ఊడుతుందట. ఆ మాట విన్న రోజు నుంచి తల్లికి ముద్ద దిగడం లేదు. ఐదో క్లాసుతో బడి మానేసిన మనిషికి ఈ వయసులో ఇదేం గండం?

"తెర మీద అన్నీ ఒకేలా ఉంటాయి నాన్నా. వరస ముందు ఈ గుర్తు కొడితే కాగితం మీద లావుగా వస్తాయి, ఇది కొడితే సన్నగా. ఆ అక్షరాలన్నీ ప్రింటరు కడుపులోనే ఉన్నాయి."

"అయితే పై వరస లావుగా కొట్టు, కిందవి సన్నగా. ఏదీ, ఇంకోసారి చదువు."

కూతురు చదువుతోంది. తండ్రి వల్లిస్తున్నాడు. అన్నీ పొడి అక్షరాలే, ఒక్కటీ మాట కాదు. వింటూ తల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"చేతబడి మంత్రంలా ఉందండీ. నాకేదో కీడు శంకిస్తోంది."

"నీకెప్పుడు శంకించలేదు గనక!"

కాగితం ఎత్తి పట్టుకుని గడగడా అప్పజెప్పాడు. కూతురు పకపకా నవ్వింది.

"మాస్టారూ, కాగితం తలకిందులుగా పట్టుకున్నారు!"

ఆయన నవ్వలేదు. గబుక్కున తిప్పి పట్టుకున్నాడు.

పరీక్ష రోజు ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సాయంత్రం ఆయన గుమ్మంలోంచే కేకేశాడు.

"ఒక్కటీ తప్పలేదే! ఇక ఉద్యోగానికి ఢోకా లేదు."

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతుంటే చూసింది, చొక్కా గుండీలన్నీ ఒక కాజా తప్పించి పెట్టుకున్నాడు.

"సంతోషంలో ఒళ్ళు తెలియడం లేదు మీకు" అంటూ సరిచేసింది.

కాసేపటికి మంచులోంచి బస్సు వచ్చి సందు చివర ఆగింది. ఆమెకు గుబులు ఇంకా పోలేదు. కూతుర్ని ఎక్కిస్తూ, "కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు, ముందు సీట్లో కూర్చోకు" అంది.

"అమ్మాయి ఎక్కిందా?" అడిగాడు తండ్రి.

"నీ పక్కనే ఉన్నాగా నాన్నా!"

తలుపు దగ్గర నిలబడ్డ ఆయా పలకరింపుగా నవ్వింది. తల్లి చెప్పకుండా ఉండలేకపోయింది.

"మా ఆయన పరీక్ష నెగ్గాడు, విన్నావా? అక్షరాలన్నీ కంఠతా పట్టాడు!"

బస్సు కదిలింది. ఆయా తల బయటికి పెట్టి నవ్వుతూ అరిచింది.

"కళ్ళ పరీక్షకి కంఠతా పట్టడమేంటక్కా?"