ఉందని తెలిస్తే

"మీ బ్యాటరీయే నా కొంప ముంచింది వదినా!"

జీపు ఆగీ ఆగకముందే దూకి, రాళ్ళ మధ్య నిలిచి ఉన్న తెల్ల వ్యాన్ వైపు పరుగెత్తుతూ అరిచింది మరదలు. వెనకే దిగింది వదిన. వదిన అంటే ఆమె భర్తకి సొంత అక్క. ఊళ్ళో బ్యాటరీల దుకాణం ఆవిడదే. తను అమ్మిన సరుక్కి ఎవడైనా వంక పెడితే దులిపి ఆరేసే మనిషి. అలాంటిది ఇవాళ చేతిసంచీ గుండెకి అదుముకుని నిలబడిపోయింది.

కనుచూపు మేరంతా రాళ్ళూ, ఎండా. వ్యాన్ వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. దాన్ని వేసుకుని ఒంటరిగా తిరగడానికి బయల్దేరిన ఆమె భర్త లోపల లేడు.

"నిన్న కంటబడింది," అన్నాడు వెంట వచ్చిన ఫారెస్టు గార్డు. "తాళంచెవి దానికే ఉంటే తిప్పి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ చచ్చింది. ఈ చుట్టుపక్కల ఫోన్ పలకదు కదా, చూసి చూసి నడక మొదలెట్టినట్టున్నాడు. మావాళ్ళు అటే వెతుకుతున్నారు."

అక్కడే పడి ఉన్న నీళ్ళ క్యాను తీసి తిరగేశాడు. చుక్క రాలలేదు.

"ఈ ఎండలో, నీళ్ళు లేకుండా..." అని ఆగి, టోపీ సర్దుకున్నాడు. ఇక చెప్పేదేముంది?

మరదలి చెవికి ఆ మాట ఎక్కలేదు. ఆమె కోపమంతా బ్యాటరీ మీదే ఉంది.

"మామూలువి రెండు పెట్టించండి, ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందని చిలక్కి చెప్పినట్టు చెప్పానా? వింటేనా! ఇదొక్కటి చాలు, కుదుపులకి చెదరదు, ఎండకి ఉబ్బదు, దీన్ని మించింది నా దుకాణంలోనే లేదన్నారు. మా అక్క చెప్పాక తిరుగేముందని ఆయనగారూ తలూపారు!"

"దానికి చావు లేదే అమ్మాయ్," అంది వదిన, పీలగొంతుతో.

"మరి ఇదేంటి? బతికుందా ఇది?"

"ఇంజను ఆపేసి ఫ్రిజ్ వేసుంటాడు, ఫ్యాను వేసుంటాడు. ఇక పాటలు సరేసరి. అన్నీ పొద్దస్తమానం దాని మీదే..."

"వేసుంటారు! ఆయన సంగతి మీకు తెలీదా? ఉందని తెలిస్తే ఊడ్చేసే మనిషి. బిస్కెట్ల డబ్బా కంటబడితే అడుగు తేలేదాకా వదలరు. దాచలేక చస్తున్నాను ఇంట్లో! అదేంటండీ అంటే, పోయేటప్పుడు కట్టుకుపోతామా అంటారు." తిడుతూ తిడుతూ అలవాటుగా నవ్వబోయి, భోరుమంది.

గార్డు చేతిలో వైర్‌లెస్ గరగరమంది. "చెప్పులు దొరికాయి సార్. వాగు పక్కన. మనిషి జాడ లేదు."

"వాగులో నీళ్ళున్నాయా?" అడిగాడు గార్డు.

"ఎక్కడివి సార్, ఎప్పుడో ఎండిపోయింది."

అప్పుడు కదిలింది వదిన. సంచీ కింద పడేసి, డ్రైవర్ తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని సీటు పైకెత్తింది. సీటు కిందే బ్యాటరీ. తీగలు ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించిన గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయి. పాపం, చేతనైనదంతా చేసినట్టున్నాడు.

"చచ్చినదానికి ఇంకా ఏం వైద్యం చేస్తారు?" అంది మరదలు.

వదిన బ్యాటరీ పక్కన అంటించి ఉన్న నల్ల టేపు గోటితో పీకింది. వేలితో ఏదో నొక్కింది. సీటు దించి, కూర్చుని, తాళంచెవి తిప్పింది.

ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్ గుర్రుమంది. ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే పాట మొదలైంది.

గార్డు నోరెళ్ళబెట్టాడు. "ఇదేంటమ్మా! నిన్న నేనే తిప్పి చూశానే!"

"ఇది పూర్తిగా అయిపోదు బాబూ," అంది వదిన, స్టీరింగ్‌తో మాట్లాడుతున్నట్టు. "బండి ఒక్కసారి స్టార్టవడానికి సరిపడా మిగుల్చుకుని, తనంతట తనే ఆగిపోతుంది. మీట నొక్కితే ఆ మిగిలింది వదుల్తుంది. మావాడికి ఇదే పెట్టించాలని నేను పట్టుబట్టింది అందుకే."

మరదలు వ్యాన్ తలుపు పట్టుకుంది. "మరి... మరి ఆ మీట సంగతి ఆయనకి తెలీదా?"

"చెప్తే అదీ పాటలకి ఊడ్చేస్తాడని, నేనే టేపు వేసి కప్పేశాను." పీకిన టేపు ముక్కని వేళ్ళ మధ్య ఉండచుట్టింది వదిన. "చిన్నప్పట్నించీ ఏది ఆగినా ముందు నాకే కదే చెప్తాడు. ఫోన్ చేస్తాడు కదా, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఇక్కడ ఫోన్ పలకదని తట్టలేదే నాకు!"

"మీరు మనిషేనా వదినా? కడుపున పుట్టినవాడిలా పెంచారే! ప్రాణం మీదికొచ్చినప్పుడు చేతికందకుండా దాచిపెట్టి..."

ఆ 'దాచిపెట్టి' దగ్గరే మాట ఆగిపోయింది.

మరదలు గబగబా వెళ్ళి వ్యాన్ వెనక ఎక్కింది. భర్త పడుకున్న పరుపు మడతలు పడి అలాగే ఉంది. దాని మూల పైకెత్తి, కింద ఉన్న అర చెక్క తీసింది.

మొదటిరోజే తాగి, ఒలకబోసి ఊడ్చేస్తాడని, క్యాను ఖాళీ అయ్యాక ఫోన్‌లో చెబుదామని, బయల్దేరేటప్పుడు తానే సర్దిపెట్టిన నీళ్ళ సీసాలు, ఒక్కదాని మూత సీలైనా తెగకుండా, వరసగా ఉన్నాయి.