ఏడో గీత

మేడమీద మూలగది ద్వారబంధం పీకేస్తారని వినగానే ఊడ్చే ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది.

"చెదలు పట్టిందక్కా," అన్నాడు వాచ్‌మన్. "రేపు ఆఫీసరు వస్తాడు. పాతకాలం ఆనవాలేదైనా ఉంటే మందు కొట్టి ఉంచుతారట. లేకపోతే కట్టెల్లోకే."

"గీతలున్నాయిగా!"

"ఆ గీతలు అప్పటివేనని ఎవడు చెప్పొచ్చాడు? అయినా ద్వారబంధం పోతే నీకేంటి? పుట్టింటివాళ్ళు పెట్టారా?"

ఇంకో రోజైతే వాడికి నాలుగు అంటించేది. ఇవాళ చీపురు పట్టుకునే మేడమెట్లు ఎక్కింది.

రెండొందల యాభై ఏళ్ళ నాటి మేడ అది. పాడుబడి ఉన్న రోజుల్లో ఆమె మొగుడు దానికి కాపలా, కాపురమూ అందులోనే. తర్వాత మ్యూజియం అయింది. టికెట్లొచ్చాయి, అడ్డంగా తాళ్ళొచ్చాయి. మొగుడు పోయాడు. ఆమె చీపురు పట్టింది.

జనం అద్దాల బీరువాల ముందు ఆవలిస్తారు. మూలగది దగ్గర మాత్రం ఆగుతారు. ద్వారబంధం మీద, కింద నుంచి పైకి, ఏడు గీతలు. ఎవరో పిల్ల ఏడాదికింత ఎదిగిన గుర్తు. ఎనిమిదోది లేదు.

మర్నాడు ఆఫీసరు టార్చి పట్టుకొచ్చాడు. కొయ్యని గోటితో గీకాడు. పొట్టు రాలింది.

"ఏ ఆకతాయో గీసి ఉంటాడు. తీసేయండి."

"అయ్యా!" అంది ఆమె. ఆఫీసర్లతో మాట్లాడటం ఆమెకి అదే మొదలు. "ఆకతాయి కాదయ్యా. ఈ ఇంటి పాపవి."

"ఏ పాప?"

"ఈ ఇంట్లో పెరిగిన పాప. ఏడేళ్ళకే పోయింది. జ్వరం. మూడంటే మూడు రోజులు."

ఆఫీసరు చేతిలోని మేడ చరిత్ర పుస్తకం తిరగేశాడు. "నిజమే. యజమాని కూతురు ఏడేళ్ళకి పోయిందని రాసుంది." టార్చి దగ్గరగా పెట్టాడు. "మొండి కత్తితో గీశారు పాపం."

"కత్తి మంచిదేనయ్యా. కొయ్యే గట్టిది."

ఆయన వినిపించుకోలేదు. వంగి చూస్తున్నాడు. "ఇదేమిటి? ఐదోదాన్ని కొట్టేసి కొంచెం కింద మళ్ళీ గీశారు?"

"మడమలెత్తి నిలబడింది, దొంగముండ."

"నీకెలా తెలుసు?"

ఆమె వంగి రాలిన పొట్టు ఏరింది. "పిల్లలు అంతే కదయ్యా."

ఆఫీసరు నవ్వాడు. ఆ మాట రాసుకున్నాడు కూడా. "పుస్తకంలో పాప పేరు లేదు. నీకేమైనా తెలుసా?"

ఆమె నోరు తెరిచింది. ద్వారబంధం వంక చూసింది. మళ్ళీ మూసుకుంది.

"తెలీదయ్యా."

నెల తిరక్కుండా చెదల మందు కొట్టారు. ముందు గాజుపలక బిగించారు. పక్కన బోర్డు పెట్టారు: 'ఇంటి యజమాని కూతురి ఎత్తు గుర్తులు. పద్దెనిమిదో శతాబ్దం. తాకరాదు.'

"సాధించావక్కా!" అన్నాడు వాచ్‌మన్. "కానీ రోజూ ఊడ్చాక వాటి మీద చెయ్యి వేసి నిమిరేదానివి. ఇక ఆ ముచ్చట లేదు."

"గాజు మీద నిమురుతాలే. నువ్వెళ్ళి గేటు చూసుకో."

సాయంత్రం చివరి గుంపు మెట్లు దిగిపోయింది. ఆమె గాజు మీద వాళ్ళ వేలిముద్రలన్నీ ఒక్కొక్కటే తుడిచింది. ఏడో గీత దగ్గర గుడ్డ ఆగింది. వంగి, గాజుకి నుదురు ఆనించింది.

"నీ పేరు చెబితే నిన్ను కట్టెల్లో పారేసేవాళ్ళే తల్లీ, అందుకే అమ్మ నిన్ను వాళ్ళ కూతుర్ని చేసేసింది."